చెత్తకొండ మీది గొంతు

రాయ్స్ టిల్లరీ గోడ మీది మ్యాపులో రంగు సూదులు గుచ్చుతూ ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నాడు. ప్రూయిట్ ఫైర్ స్టేషన్‌లో నీళ్ల లారీ పక్కన మడత కుర్చీలు వేసుకుని టాల్మేజ్ కౌంటీ సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లందరూ కూర్చున్నారు. ఏప్రిల్ వెళ్లిపోతోంది. కన్సాస్‌లో ఇక ఏ సాయంత్రమైనా ఆకాశం తిరగబడొచ్చు. అప్పుడు ఎవరు ఏ రోడ్డు మీద కారు ఆపుకుని స్పాటర్‌గా మబ్బును కాపలా కాయాలో ఇప్పుడే తేలాలి.

"హోబర్ట్, చర్చి మలుపు."

పాస్టర్ హోబర్ట్ తలూపాడు.

"ఓరిన్, దక్షిణం రోడ్డు. నీ పశువుల దొడ్డి ముందు నుంచే చూసుకో. ఆవుల్ని చూడకు, ఆకాశాన్ని చూడు."

అందరూ నవ్వారు. ఓరిన్ పాస్క్ అందరికంటే గట్టిగా నవ్వాడు. వెల్డా హాస్కెట్ మాత్రం సూదుల డబ్బా వైపే చూస్తూ కూర్చుంది. డబ్బా ఖాళీ అవుతోంది కానీ తన పేరు రావడం లేదు. నిరుడు ఆమెది ధాన్యం గోదాముల దగ్గరి పోస్టు. ఆ సూది ఈసారి ఇంకెవరి పేరునో గుచ్చేశారు.

"వెల్డా," అన్నాడు రాయ్స్ చివరికి, మ్యాపు వైపు నుంచి తల తిప్పకుండానే. "చెత్తకొండ."

కౌంటీ చెత్తంతా పోసి, పైన మట్టి కప్పగా కప్పగా లేచిన దిబ్బ అది. ఊరికి ఈశాన్యాన ఉంది. ఇక్కడి గాలివానలు నైరుతిలో పుట్టి ఈశాన్యానికి పోతాయి. తక్కిన పదిమందీ చూసి, చెప్పి, ఇళ్లకు పోయి కాఫీ పెట్టుకున్నాక ఆఖరున అవి దాటే చోటు చెత్తకొండ. ఇన్నేళ్లలో అక్కడ ఎవర్నీ పెట్టలేదు.

"అక్కడ పోస్టు ఎప్పుడూ లేదు కదండీ," అంది వెల్డా.

"ఈసారి పెట్టాం అమ్మాయ్. కౌంటీ అంతా కవర్ అవ్వాలిగా."

వెనక వరసలో ఎవరో ముక్కు మూసుకుని దగ్గారు. ఎదిరించి మాట్లాడటానికి ఆమెకు నోరు రాలేదు. వాళ్ల రేడియోలన్నీ కలిసే నెట్‌కి ఇరవయ్యేళ్లుగా కంట్రోల్ రాయ్సే. గాలివాన నాడు రేడియోలో ఎవరు పిలిస్తే తక్కిన వాళ్లందరూ జవాబివ్వాలో, ఎవరు అడిగితేనే నోరు విప్పాలో ఆ మనిషి ఆయన. కూర్చున్న చోట కూడా అదే అలవాటు అందరికీ. ఆయన అడిగితే తప్ప ఎవరూ మాట్లాడరు.

వెల్డాది మెయిన్ స్ట్రీట్‌లో హెయిర్ సెలూన్. మర్నాడు పొద్దున్నే మొదటి కుర్చీలో బర్డీ కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. వారం వారం తల కడిగించుకుని రోలర్లు చుట్టించుకోకపోతే ఆవిడకి ఆదివారం చర్చికి దారి తెలియదు.

"మెడ కాస్త వంచండి బర్డీ గారూ."

"వంచుతాను గానీ, నిన్ను చెత్తకుప్ప మీదకి తోలారటగా?"

"అప్పుడే తెలిసిపోయిందా?"

"ఈ ఊళ్లో తెలియకపోతేనే వింత. పోనీలేవే, ఒకందుకు మంచిదే. అక్కడి నుంచి నువ్వేం చూసినా ఎవరికీ నష్టం లేదు."

వెల్డా చేతిలో దువ్వెన ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"అలా ముఖం పెట్టకు," అంది బర్డీ అద్దంలోంచి చూస్తూ. "నిరుడు మా మనవరాలికి స్టేజీ మీద పట్టా అందించబోతుంటే సైరన్ మోగింది. పిల్లలంతా ఆ నల్లగౌన్లు వేసుకుని జిమ్ కింద సెల్లార్‌లో కుక్కుకున్నారు. పైకొచ్చి చూస్తే చుక్క వాన లేదు! అక్కడ పక్కూరు డన్లోలో చూడబోతే వడగళ్లకి కార్ల అద్దాలన్నీ పోయాయి, వాళ్లకేమో సైరన్ మోగలేదు. జనం నిన్ను అనక ఇంకెవర్నంటారు?"

"నేను గోదాముల దగ్గర నిలబడ్డానండీ. మబ్బేమో తూర్పున డన్లో మీద ఉంది. నేనెక్కడున్నానో చెప్పాను, మబ్బెక్కడుందో చెప్పాను. రెండూ చెప్పాను. వాతావరణ కేంద్రానికి మాత్రం నేనున్న చోటే చేరింది, మబ్బున్న చోటు చేరలేదు."

"అంటే, చేరవేసిన రాయ్స్‌ది తప్పంటావు."

"నేను అనడం కాదు. జరిగిందది."

బర్డీ ఒళ్లో తువ్వాలు సర్దుకుంది. "మంచుతుఫానులో మా ఆయన ట్రక్కు దిగబడిపోయినప్పుడు, తెల్లారేదాకా రేడియో వదలకుండా పిలుస్తూ కూర్చున్నవాడే రాయ్స్. నువ్వేమో చెబుతున్నావు, ఆయనేమో కాదంటున్నాడు. నేనెవర్ని నమ్మనే?"

"నన్ను," అని వెల్డా అనలేకపోయింది. రోలరు చుట్టి పిన్ను పెట్టింది. ఆ పిన్ను కాస్త గట్టిగానే దిగినట్టుంది, బర్డీ "అబ్బా" అంది. కౌంటర్ మీద, ఊరి రేడియో మాటలన్నీ పట్టే స్కానర్ గరగరమంటూ, ఎవరి పొలంలోనో తప్పిపోయిన ఆవు సంగతి చెబుతోంది. ఈ కౌంటీలో ప్రతి వంటింట్లోనూ ఆ పెట్టె మోగుతూనే ఉంటుంది. నిరుడు ఆ సాయంత్రం నెట్ కూడా చాలామంది విన్నారు. నెట్‌లో ఉన్నవాళ్లయితే అందరూ విన్నారు. అడిగితే ఒక్కరికీ గుర్తులేదు. వెల్డాను కోసేది రాయ్స్ అబద్ధం కాదు, ఈ గుర్తులేకపోవడం.

గురువారం సెలూన్ తొందరగా మూసేసి ఆమె చోటు చూసుకోవడానికి కారులో చెత్తకొండ ఎక్కింది. వెళ్లకుండా ఊరుకోవచ్చు. "నాకు కుదరదు, రాయ్స్ గారూ" అని ఒక్క మాట ఫోన్లో చెబితే ఆయనకూ హాయి. అది తెలిసే వెళ్లింది. కారు పైన ఏంటెనా బిగించి, రేడియో పెట్టి, అద్దాలు దించింది. వెంటనే మళ్లీ ఎత్తేసింది. ఆ వాసన అలాంటిది.

అప్పుడే ఓరిన్ విరిగిన కంచె కర్రలు పారబోయడానికి పికప్‌లో వచ్చాడు. ఆమెను చూసి టోపీ వెనక్కి నెట్టాడు.

"కొత్తిల్లు బావుందమ్మా. గృహప్రవేశం ఎప్పుడు?"

"నువ్వొచ్చావుగా, అయిపోయింది."

"అయినా చూడు, ఈ కౌంటీ మొత్తానికి కొండంటే ఇదొక్కటే. అదీ మనం తిని పారేసిందే."

వెల్డా నవ్వలేదు. "ఓరిన్, ఒకటడుగుతాను, నిజం చెప్పు. నిరుడు నేను చెప్పింది విన్నావా, లేదా?"

ఓరిన్ చేతిలోని కర్రను దిబ్బ కిందకి విసిరాడు. ఇంకోటి తీశాడు. దాన్ని విసరకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"విన్నాను."

"మరి?"

"మీటింగులో రాయ్స్ అందరి మొహాల్లోకీ చూస్తూ అడిగాడు కదా, 'ఎవరికైనా ఇంకోలా గుర్తుందా' అని. ఆయన అలా అడిగితే ఎవరికి ఏం గుర్తుంటుంది చెప్పు? పోనీ, కోపం ఉంటే తిట్టెయ్."

"తిడితే ఇప్పుడు గుర్తొచ్చిందని వాళ్లకి చెబుతావా?"

అతను కర్రలన్నీ పారబోసి వెళ్లిపోయాడు. ఇంటికి చేరాక పికప్‌లోంచి పిలిచాడు. రిపీటర్ దారిలో కాదు, నేరుగా. రిపీటరంటే గోదాముల నెత్తిన ఉండే పెట్టె. కార్లలో చిన్న రేడియోల మాట అందుకుని, అదే మాటను పెద్దగొంతుతో కౌంటీ అంతటికీ వినిపిస్తుంది. అది లేకుండా ఇంత దూరం మాట్లాడుకోవడం ఈ చదునునేల మీద, ఎత్తున ఉంటే తప్ప, ఎవరివల్లా కాదు.

"వెల్డా, వినిపిస్తున్నానా? నువ్వయితే నా పక్కసీట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టున్నావు."

"నువ్వూ అంతే. ఆవులు కూడా వినిపిస్తున్నాయి."

"రాయ్స్‌కి కూడా ఇంత వినపడదు. కోర్టు బేస్‌మెంట్‌లో కూర్చుంటాడా, కప్పు మీద ఏంటెనా చూస్తే చీపురుపుల్ల! రిపీటర్ పక్కనే ఉండగా పెద్దది దేనికంటాడు." మళ్లీ మైకు నొక్కాడు. "వెల్డా... ఇందాకటి సంగతి. నేను మంచిపని చెయ్యలేదు."

"అందింది," అంది వెల్డా. రేడియోలో అంతకంటే చెప్పేదేముంది.

శనివారం పొద్దున్నుంచీ గాలి దక్షిణం నుంచి తడిగా, జిడ్డుగా వీస్తోంది. మధ్యాహ్నం తిరిగేసరికి వాతావరణ కేంద్రం హెచ్చరిక ఇచ్చింది. రాయ్స్ నెట్ తెరిచి, ఎప్పటిలా గంభీరంగా ఒక్కొక్కర్నే పిలిచాడు. వెల్డా తన పిలుపు గుర్తు చెప్పి, "చెత్తకొండ చేరాను" అంది. "సరే, ఉండు," అన్నాడాయన.

ఉంది. రెండు గంటలు అలాగే ఉంది. రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పావు డాలరు బిళ్లంత వడగళ్లు. గోల్ఫ్ బంతంత వడగళ్లు. గోలీలంత అనకూడదు, గోలీ ఒక్కో ఇంట్లో ఒక్కో సైజుంటుంది. పడమట మబ్బు దిగుతోందని ఒకరు, తిరగడం లేదని ఒకరు. రాయ్స్ అన్నీ అందుకుంటున్నాడు, పైకి, వాతావరణ కేంద్రానికి పంపుతున్నాడు. ఎవరికీ చెత్తకొండ గుర్తురాలేదు. గాలివాన అనుకున్నట్టే ఊరికి ఉత్తరంగా జారిపోతోంది. డన్లోలో సాఫ్ట్‌బాల్ పోటీలు ఆపలేదు. నాలుగూళ్ల ఆడపిల్లల టీములు, వాళ్ల తల్లిదండ్రులు, మైదానం కిటకిటలాడుతోంది.

నాలుగు దాటాక గాలివాన తన దారికి కుడివైపుకి, తూర్పుకి తిరిగింది. కారులో కూర్చున్న వెల్డాకు అది మొదట చల్లగాలిగా తెలిసింది. తర్వాత చూస్తే దక్షిణాన కొండలాంటి మబ్బు తూర్పుకి ఒరుగుతోంది. ఆమెకి కనిపిస్తున్నది వానతెర ఒక్కటే. దాని వెనక ఏముందో ఇటునుంచి చూసినవాళ్లకి తెలియదు.

"నెట్ కంట్రోల్ నుంచి అన్ని స్టేషన్లకీ," అంటున్నాడు రాయ్స్, "గాలివాన తిరిగింది. హోబర్ట్, నీకేం కన..."

ఊరి నెత్తిన తెల్లగా ఒక మెరుపు దిగింది. రేడియో మూగబోయింది. గోదాముల మీద పిడుగు పడింది, రిపీటర్ పోయింది.

అలా పోతే అందరూ నేరు ఫ్రీక్వెన్సీకి మారాలని ముందే అనుకున్నది. వెల్డా చేతి వేళ్లకి ఆ మీట వెతుక్కోవలసిన పని లేకపోయింది. మారగానే చెవులు హోరెత్తాయి.

"...చర్చి మలుపు నుంచి హోబర్ట్, ఎవరైనా వింటున్నారా..."

"...నెట్ కంట్రోల్, నెట్ కంట్రోల్, దక్షిణం రోడ్డు, అర్జెంటు! అర్జెంటు!" అది ఓరిన్.

"నెట్ కంట్రోల్ పిలుస్తున్నాను. ఏ స్టేషనైనా జవాబివ్వండి. ఏ స్టేషనైనా." అది రాయ్స్. ఆయన గొంతులో ఆ వణుకు ఆమె ఎప్పుడూ వినలేదు.

ఎవరికీ ఎవరూ వినపడటం లేదు. ఒకరి మాట మీద ఒకరు ఎక్కి తొక్కుతున్నారు. వెల్డాకి మాత్రం అందరూ వినపడుతున్నారు, నలుగురూ ఒకే గదిలో కూర్చుని అరుస్తున్నట్టు. కంట్రోల్‌కి చెవుడొస్తే ఎవరికి ఎక్కువ వినపడుతుందో వాళ్లే నెట్ తీసుకోవాలి. అది పాత పద్ధతి, ఎవరినీ అడగక్కర్లేదు. మైకు చేతిలోనే ఉంది. ఆమె నొక్కలేదు.

నొక్కితే తర్వాత జరిగేది తన మెడకే చుట్టుకుంటుంది. ఈసారి పొరపాటు జరిగితే పట్టాల పండుగలో సైరన్ మోగడంతో సరిపోదు, డన్లో మైదానంలో పిల్లల ప్రాణాలు పోతాయి. ఇంకెవరైనా తీసుకుంటే బావుండును. ఇంకెవరైనా. ఆమె నిజంగానే అలా ఎదురుచూసింది. ఓరిన్ మళ్లీ "అర్జెంటు" అన్నాడు. మగవాడి గొంతు అంత సన్నగా చీలిపోగలదని ఆమెకి అప్పుడే తెలిసింది.

నొక్కింది.

"అన్ని స్టేషన్లూ ఆగండి. చెత్తకొండ నుంచి వెల్డా. నాకు అందరూ వినపడుతున్నారు. నెట్ నేను తీసుకుంటున్నాను. నేను పిలిచినవాళ్లే మాట్లాడండి. ఓరిన్, చెప్పు."

అందరూ మైకులు వదిలేశారు. తర్వాత ఓరిన్.

"టోర్నడో! నేల మీదుంది వెల్డా, పెద్దది, వానలో దాక్కుంది, నాకు వెనకవైపు నుంచి కనపడుతోంది!"

"నువ్వెక్కడున్నావు?"

"దొడ్డి ముందు!"

"అది ఎక్కడుంది? ఏ వైపు చూస్తున్నావు?"

"ఉత్తరం. సరిగ్గా ఉత్తరం. మూడు మైళ్లుంటుందేమో."

"అక్కడే ఉండు. హోబర్ట్, మీకేం కనపడుతోంది? మీరెక్కడ, అదెక్కడ?"

"చర్చి మలుపులోనే ఉన్నానమ్మా. తూర్పున నేలనుంచి మబ్బుదాకా నల్లగా ఉంది. తూర్పుకే కదులుతోంది."

మ్యాపు స్టీరింగ్ మీద పరిచి ఉంది. ఓరిన్ దొడ్డి నుంచి ఉత్తరానికి ఒక వేలు, చర్చి మలుపు నుంచి తూర్పుకి ఒక వేలు. రెండూ మిల్లర్ వంతెన దగ్గర కలిశాయి. మిల్లర్ వంతెన ప్రూయిట్ రోడ్డు మీద ఉంది. డన్లో మైదానంలో సగంమంది ప్రూయిట్ వాళ్లే. సైరన్ వింటే పిల్లల్ని కార్లలో పడేసుకుని ఇంటికని బయల్దేరేది ఆ రోడ్డు మీదే. వెల్డా మైకు నొక్కింది.

"రాయ్స్, కోర్టు బేస్‌మెంట్, వినపడుతున్నానా?"

"వినపడుతున్నావు. నాకు నువ్వొక్కదానివే వినపడుతున్నావు. చెప్పు."

"టోర్నడో నేల మీద ఉంది. స్థలం మిల్లర్ వంతెన. ఇద్దరు స్పాటర్లు చూశారు. తూర్పుకి, డన్లో వైపు కదులుతోంది. స్పాటర్లు ఉన్న చోట్లు వేరు, అవి పైకి పంపొద్దు. డన్లో సైరన్ మోగించండి. మైదానంలో జనాన్ని స్కూలు సెల్లార్‌లోకి దించమనండి. ఒక్క కారుని కూడా ప్రూయిట్ రోడ్డు ఎక్కనివ్వద్దు. నేను చెప్పింది తిరిగి చెప్పండి."

నెట్ కంట్రోల్‌ని తిరిగి చెప్పమని ఈ కౌంటీలో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎవరికీ తిరిగి చెప్పనూ లేదు. ఇరవయ్యేళ్లుగా ఒక్క "సరే"తో సరిపెట్టేవాడు. వెల్డా మైకు మీట వదిలింది.

"టోర్నడో నేల మీద," అన్నాడు రాయ్స్ నెమ్మదిగా, రాసుకుంటూ చదివినట్టు. "స్థలం మిల్లర్ వంతెన. స్పాటర్ల చోటు కాదు, టోర్నడో చోటు. తూర్పుకి, డన్లో వైపు. సైరన్. జనం స్కూలు సెల్లార్‌లోకి. ప్రూయిట్ రోడ్డు మూసెయ్యాలి. సరిగ్గా ఉందా?"

"సరిగ్గా ఉంది. పంపండి."

గాలి ఆగిన ఒక క్షణంలో దూరంగా డన్లో సైరన్ లేచింది. ఆ కూతకి అంత సంతోషపడిన మనిషి కన్సాస్‌లో ఇంకొకరు ఉండరు.

తర్వాత ఆమెకి భయపడే తీరిక దొరకలేదు. ఓరిన్‌ని పిలిచింది, హోబర్ట్‌ని పిలిచింది, మళ్లీ ఓరిన్‌ని. వేళ్లు మ్యాపు మీద తూర్పుకి జరుగుతున్నాయి. ప్రతిసారీ రాయ్స్ తిరిగి చెప్పాడు. ఒకసారి దూరం తప్పు చెబితే ఆమె దిద్దింది. "దిద్దుకున్నాను," అన్నాడాయన. వానతెర డన్లోని మింగేసింది. కొండ మీద కారు ఊయలలా ఊగింది. ఎగిరొచ్చిన చెత్తసంచి ఒకటి అద్దానికి అతుక్కుపోతే, ఒక చేత్తో మైకు పట్టుకుని రెండో చేత్తో వైపర్ తిప్పింది.

"ఓరిన్, ఇప్పుడెక్కడ?"

జవాబు లేదు.

"ఓరిన్, దక్షిణం రోడ్డు, జవాబివ్వు."

జవాబు లేదు. నెట్‌లో ఎవరూ కిక్కురుమనలేదు. అడగనిదే మాట్లాడకూడదని కాదు.

"ఓరిన్!"

"ఉన్నాను, ఉన్నాను. దొడ్డి తలుపు ఊడిపోతే ఆవులకి అడ్డం నిలబడ్డాను. రాయ్స్ ఆవుల్ని చూడొద్దన్నాడు, అయినా చూశాను. వెల్డా, అది తాడులా సన్నబడి లేచిపోయింది. నేల మీద ఏమీ లేదు."

మరి కాసేపటికి రాయ్స్ గొంతు వచ్చింది. "డన్లో నుంచి కబురు. మైదానం మీదుగానే పోయింది. స్టాండ్లు మెలితిరిగి పోయాయి. పార్కింగ్‌లో కార్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి." కాగితం తిప్పిన చప్పుడైంది. "జనమంతా సెల్లార్‌లో ఉన్నారు. టీముల్ని లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు. ఒక పిల్లకి మోచెయ్యి గీరుకుంది, అదీ మెట్లు దిగుతూ."

వెల్డా "అందింది" అంది. మ్యాపు మీంచి వేళ్లు తీసింది.

వాన తెరిపిచ్చి పడమట ఎండ పడింది. గోదాముల దగ్గర ఎవరో బ్యాటరీ తగిలించినట్టున్నారు, రిపీటర్ కిచ్‌మని లేచింది. ఇక రాయ్స్ గొంతు మళ్లీ కౌంటీ అంతటికీ పెద్దగా వినపడుతుంది. కంట్రోల్ తిరిగొస్తే నెట్ తిరిగిచ్చెయ్యాలి. ఇదీ పాత పద్ధతే. వెల్డా మైకు ఎత్తింది.

"రాయ్స్, రిపీటర్ వచ్చింది. నెట్ మీకు అప్పగిస్తున్నాను."

"వద్దు," అన్నాడు రాయ్స్. "నెట్ నీదే. నువ్వే ముయ్యి. కోర్టు బేస్‌మెంట్ స్టేషన్‌ది ఒక దిద్దుబాటు ఉంది. పంపమంటావా?"

ఇరవయ్యేళ్ల కంట్రోల్ మాట్లాడటానికి అనుమతి అడుగుతున్నాడు. వెల్డా నిటారుగా కూర్చుంది.

"పంపండి."

"నిరుడు మేలో ప్రూయిట్ సైరన్. ఆ రోజు వెల్డా హాస్కెట్ తానున్న చోటూ చెప్పింది, మబ్బున్న చోటూ చెప్పింది. రెండూ సరిగ్గా చెప్పింది. నేను ఒక్కటే పంపాను, తప్పుది పంపాను. ఆ సంగతి వారం తిరక్కుండానే నాకు తట్టింది. తట్టీ ఊరుకున్నాను. నెట్‌లో ఉన్నవాళ్లూ, ఇళ్లల్లో స్కానర్ల దగ్గర కూర్చున్నవాళ్లూ అందరూ వినాలని ఇక్కడే చెబుతున్నాను. నా దిద్దుబాటు అయింది."

ఆ నిమిషాన టాల్మేజ్ కౌంటీలో ఎన్ని వంటిళ్లలో ఎన్ని గరిటెలు ఆగిపోయాయో ఎవరికెరుక. వెల్డా సంవత్సరం పాటు రోజూ మనసులో రాయ్స్‌కి ఎన్ని మాటలు అప్పజెప్పిందో! అవన్నీ ఇప్పుడు అనొచ్చు, కౌంటీ అంతా వింటుంది. కానీ ఒక్కటీ అవసరం లేకపోయింది. ఎవరో రిపోర్టు పంపారు. కంట్రోల్ దాన్ని తిరిగి చెప్పాలి.

"తిరిగి చెబుతున్నాను," అంది. "నిరుడు మే రిపోర్టు. వెల్డా హాస్కెట్ రెండూ సరిగ్గా చెప్పింది. సరిగ్గా ఉందా?"

"సరిగ్గా ఉంది," అన్నాడు రాయ్స్.

"సరిగ్గా ఉంది," అంది ఇంకో గొంతు, ఎవరూ పిలవకుండానే. అది ఓరిన్‌ది. "నేను విన్నాను." తర్వాత హోబర్ట్, "నేనూ విన్నాను." తర్వాత గోదాముల దగ్గరి పోస్టు, ఆ తర్వాత మరొకరు. ఒక్కొక్కరే, వరసలో, పిలవకుండానే మాట్లాడుతున్నారు. నెట్ రూలు పూర్తిగా మంటగలిసింది. కంట్రోల్ ఒక్కర్నీ ఆపలేదు.